చెత్త బండి ఖర్చు తగ్గించుకుందాం

అమలాపురం హోటళ్లు, స్వీట్ షాపులు, కిరాణా వాళ్లందరికీ నమస్కారమండీ. చెత్త బండికి నెలనెలా కడుతున్నాం సరే, అందులో పడేసేవాటిలో సగానికి డబ్బులొస్తాయి. అట్టపెట్టెలే చూడండి, టేపు పీకి మడతపెట్టి కట్టలు కట్టి పొడిగా ఉంచితే పాత సామాన్లవాళ్లు షాపుకే వచ్చి తూకమేసి తీసుకుంటారు, అవే సాంబారు కారిన విస్తళ్లతో కలిస్తే ఎవరూ ముట్టుకోరు. ముసురు పట్టింది కాబట్టి పైన పట్టా కప్పండి. కొబ్బరి డొక్కలు పీచు మిల్లులకి పంపండి, కూరగాయల తొక్కలు విడి డ్రమ్ములో వేస్తే పశువులున్నవాళ్లు పట్టుకెళ్తారు.

మాడిన నూనె మాత్రం దయచేసి డ్రెయిన్లో పోయొద్దండీ, అసలే వానొస్తే మన డ్రెయిన్లు లాగవు. పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీమళ్లీ కాగితే అందులో పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 నుంచి రూలుంది, రోజుకి 50 లీటర్లు దాటి వేపుళ్లకి వాడేవాళ్లు లెక్క కూడా రాయాలి. ఆ నూనెని బయోడీజిల్‌కి కొనేవాళ్లున్నారు, క్యాన్లో వడకట్టి ఉంచండి.

ఒక్కొక్కరం అమ్మితే రేటు రాదు. అట్టలు, నూనె ఎవరి దగ్గర ఎంతుందో శుక్రవారంలోగా ఇక్కడ పెట్టండి, అందరివీ కలిపి బేరమాడతాను.