ఒరేయ్ బావా, తాతయ్య అంబాసిడర్ బయటికొచ్చింది

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యంగానా అని తిట్టేదేదో ఊరొచ్చినప్పుడు తిడుదువుగాని, ముందు ఇది చదువు. అందరం బాగున్నాం. అమ్మ మోకాలు పర్లేదు, చిన్నోడికి టెన్త్ పరీక్షలు, టెన్షన్ మాత్రం మా ఆవిడది. కోతలయ్యాయి, ధాన్యం రేటు సంగతి అడగకు. అసలు విషయం, తాతయ్య అంబాసిడర్‌ని షెడ్డులోంచి బయటికి లాగాం!

అవునురా, అదే బండి. ద్రాక్షారామం నుంచి అర్ధరాత్రి మనం తోసుకొచ్చిందే. (గోంగూర సంచీ సంగతి మీ ఆవిడకి ఇంకా చెప్పలేదనే నమ్ముతున్నా.)

అన్నయ్య కూతురి పెళ్లి మాఘంలో. పిల్లని అందులోనే మండపానికి తీసుకెళ్లాలని వాడి పట్టు. పట్టు వరకూ బాగానే ఉంది, ప్లాను వింటే నాకు కడుపు మండింది. బండి మొత్తం రేకు దాకా గీకించి కొత్త పెయింటు, సీట్లకి కొత్త లెదరు, ఏసీ, పైగా ఆ పాత 1489 సీసీ ఇంజిను పీకేసి తొంభైల్లో వచ్చిన ఇసుజు ఇంజిను పెట్టిస్తాడట. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు తీసి కింద గేరు. ఇంకేం మిగిలిందిరా తాతయ్యది, హారనా? 1968 మార్క్ టూ మోడల్ అది. ఉత్తరపారా ఫ్యాక్టరీయే 2014లో మూతపడింది, ఇంక కొత్తది చేసేవాడు లేడు. కడిగి, బ్రేకులు బాగుచేయించి, రంగు ముట్టుకోకుండా ఉంచుదామని నా వాదన.

కాకినాడ నుంచి టింకరింగ్ మేస్త్రి వచ్చాడు. పెద్దాయన, మాట తక్కువ. మేమిద్దరం అరుచుకుంటుంటే జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి బండి చుట్టూ ఆనించుకుంటూ వెళ్లాడు. బానెట్టు మీద టక్కున అంటుకుంది, మడ్‌గార్డు మీద అంటుకుంది, ఎడమ వెనక డోరు కింది భాగంలో మాత్రం జారి ఆయన చేతిలో పడింది. "లోపల రేకు లేదు బాబూ, వేలెడు మందాన పుట్టీ ఉంది" అన్నాడు. తర్వాత డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు మెల్లగా ఊడదీశాడు. దాని కింద లేత నీలం!

మనకి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ బండి మీగడ రంగే కదా. మేస్త్రి డిక్కీ మూత లోపలివైపు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రూపాయి బిళ్లంత మేర రుద్దాడు, బావిలో ఒరల్లాగా ఒకదాని లోపల ఒకటి రంగులు తేలాయి. పైన మీగడ, దాని కింద ఎర్ర ప్రైమరు, దాని కింద నీలం, మళ్లీ ప్రైమరు, అప్పుడు రేకు. అంటే కంపెనీ ఇచ్చింది నీలం.

టీ పట్టుకొచ్చిన అమ్మ అది చూసి, "ఆ నీలమే కదా గొడవ" అంది, మాకందరికీ తెలిసినట్టు! 1984లో పెద్దత్త పెళ్లికి మగపెళ్లివారి తరఫు పెద్దావిడ నీలం శని రంగు, అందులో పెళ్లికూతుర్ని ఎక్కించొద్దందట. తాతయ్య మారుమాట్లాడకుండా ఊళ్లో పెయింటరుని పిలిపించి మీగడ కొట్టించాడట. తాతయ్య! ఎవడి మాటా వినని మనిషి!

ఇక అక్కణ్నుంచి వాదన తిరగబడింది. "నీకు ఒరిజినల్ కావాలన్నావుగా, నీలమే వేయిద్దాం" అని అన్నయ్య. కాదు, ఆ మీగడే ఉండాలని నేను. పాత బళ్ల క్లబ్బుల ప్రపంచ సమాఖ్య ఫీవా 2012లో టూరిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించిందిరా. బండి వాడుకలో ఉన్న రోజుల్లో జరిగిన మార్పులు కూడా దాని చరిత్రే, కాపాడండి, ఫ్యాక్టరీలోంచి వచ్చిననాటి రూపానికే తీసుకెళ్లక్కర్లేదు అని అందులో ఉంది. చదివి వినిపించా. "టూరిన్ వాళ్లొచ్చి పెళ్లి చేస్తారా?" అన్నాడు. అమ్మేమో పెళ్లికి నీలం బండి తెస్తే తను ఆటోలో వస్తానంది.

ఇసుజు గొడవ మాత్రం తీరింది. 2021లో వింటేజ్ బళ్ల రిజిస్ట్రేషన్‌కి కేంద్రం రూలు తెచ్చింది కదా, యాభై ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అది చూపిస్తే చప్పబడ్డాడు. కానీ ఆ రిజిస్ట్రేషన్ అయితే రోజువారీ తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ పెట్రోలుకీ రిపేరుకీ అయితేనే రోడ్డెక్కాలి. పెళ్లి ఊరేగింపు ప్రదర్శన కిందికొస్తుందా రాదా? నువ్వే చెప్పు, లాయరు అల్లుడివి.

ఇంజిను బిగుసుకుపోలేదు, అది మాత్రం అదృష్టం. ప్లగ్గులు తీసి లోపల ఆయిలు పోసి రెండు రోజులు వదిలేసి, ముందు నుంచి హ్యాండిలేసి తిప్పితే కదిలింది. బ్రేకుల విషయంలో వాదన లేదు, వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవే, ప్రాణం కదా. పెట్రోలు ట్యాంకు దింపి కడగాలి. డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు తుప్పుకి చిల్లుపడి నేల కనబడుతోంది, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. సీటు రెగ్జిన్ చిరిగినచోట కుట్టిస్తే చాలు.

నన్ను తినేస్తున్నది ఆ డోరు. పుట్టీ తీయకపోతే లోపల నీరు దిగి మిగతా రేకూ పోతుంది, తీస్తే ఆ డోరుకి కొత్త మీగడ కొట్టాలి. పాత మీగడ పక్కన అది అతుకులా కనబడుతుంది. రంగు కొంచెం మాపి కలపొచ్చంటాడు మేస్త్రి. అలా మోసంగా కలపడం కంటే అతుకు అతుకులా కనబడితేనే మేలేమో అనిపిస్తుంది, మళ్లీ పెళ్లిబండికి అతుకేంటని... ఏమోరా. కప్పు మీద ఓ చోట పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దితే ఎంత మెరిసిందో! కానీ పొర పల్చగా ఉంది, గట్టిగా రుద్దితే కింద ఎర్ర ప్రైమరు తేలుతుందట.

ఒక పని చెయ్. బానెట్టు మీద నువ్వు హీరోలా పడుకున్న ఫోటో నీ దగ్గరే ఉండాలి, వెతికి వెంటనే పంపు. చక్రాల రిమ్ములు అందులో ఏ రంగున్నాయో చూడాలి, ఇప్పుడన్నీ తుప్పే, అమ్మకీ గుర్తులేదు. నీ బెల్‌బాటం ఎవరికీ చూపించనులే.

మేస్త్రి వచ్చేశాడు. అన్నయ్య చేతిలో పెయింటు డబ్బా ఉంది, మూత కనబడటంలేదు, ఏ రంగు తెచ్చాడో వెళ్లి చూడాలి. మిగతాది తర్వాత.

నీ బావ