చిత్తడి నేల సంరక్షణ సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు కిక్కిస (మడుగులో ఒత్తుగా పెరిగే, బోలు కాడలున్న పొడవాటి గడ్డి) చుట్టూనే తిరిగింది. గడ్డి బాగా ఎండాక, పిట్టలు గూళ్లు కట్టకముందే, మూడో వంతు మాత్రం కాల్చాం. మొత్తం ఎందుకు కాల్చలేదని చాలామంది అడిగారు. జపాన్‌లోని వతారసే చిత్తడిలో ఏటా మార్చిలో విస్తారంగా కాలుస్తారు కదా అన్నారు. నిజమే, అక్కడ మసి మీద ఎండ తగిలి అరుదైన మొక్కలు మొలకెత్తుతాయి. ఇక్కడా ఏళ్ల తరబడి పేరుకున్న ఎండు గడ్డి కాలిపోయి మడుగు పూడిపోవడం నెమ్మదించింది.

అయితే కాల్చినంత మాత్రాన కిక్కిస చావదు, దాని ప్రాణం బురదలో పాకే దుంపల్లో ఉంటుంది. తడి నేలలో మంట వేడి అంత లోతుకు దిగదు. కొద్ది వారాలకే మసిలోంచి సూదుల్లాంటి పిలకలు మునుపటికంటే ఒత్తుగా లేచాయి. కాలిన మోళ్లను నీట ముంచి ఉంచితే బోలు కాడల గుండా దుంపకు గాలి అందక అది కుళ్లుతుంది. ఈసారి నీళ్లు నిలపడంలో ఆలస్యం చేశాం. ఆ తప్పు కమిటీదే.

కాల్చే ముందు ఒక ఎండు కాడను చీల్చి చూశాం. లోపల బియ్యపు గింజంత తెల్లని పురుగు ముడుచుకుని పడుకుని ఉంది. చలికాలమంతా ఇలా కాడల్లో తలదాచుకునే పురుగులు, సాలీళ్లు మంటలో చాలావరకు మిగలవు. వాటిని ఏరుకు తినే పిట్టలకు తిండి తగ్గుతుంది, పాత గడ్డిలో గూడు కట్టేవాటికి చోటే ఉండదు. మిగతా రెండు వంతులూ అందుకే ముట్టుకోలేదు. తాబేళ్లు, పాములు తప్పించుకోవాలని చుట్టూ కాకుండా ఒక్క వైపు నుంచే నిప్పు పెట్టాం.

నత్రజని చాలావరకు పొగలో పోతుంది గానీ, భాస్వరం బూడిదలోనే మిగిలి వానతో నీళ్లలో కలిసి నాచును పెంచుతుంది. అందుకని బూడిద నీళ్లలోకి జారకుండా ఒడ్డు వెంట ఒక పట్టీ కాల్చకుండా వదిలాం.

మధ్యాహ్నం గాలి తిరిగి పొగ ఇళ్ల మీదికి వచ్చింది. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లల తల్లులు చాలా టెన్షన్ పడ్డారు. వారికి మనస్ఫూర్తిగా క్షమాపణలు. ఇకపై ముందురోజే ఇంటింటికీ చెబుతాం, గాలి నిలకడగా లేకపోతే ఆ రోజు మానేస్తాం.

వచ్చే ఏడాది ఈ భాగాన్ని కాల్చం. ఎండిన కుళ్లునేల (కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న నేల) ఉన్న మూల అసలే వద్దు, అక్కడ నిప్పు లోలోపల రోజుల తరబడి రాజుకుంటుంది. ఆ మూల గడ్డిని కోసి బయటికి మోయాలి. కొడవలి పట్టగలిగినవాళ్లు పేర్లు ఇవ్వండి.