కొత్త గోల్డ్‌ఫిష్ మూల నక్కితే

కొత్త చేపలు మూల నక్కి మేత ముట్టకపోయినా రెండు మూడు రోజులు కంగారు పడకండి. చేపల్ని ఇంటికి తేగానే, అవి ఉన్న కవరు ముడి విప్పకుండా 20 నిమిషాలు ట్యాంకులో తేలనివ్వండి. తర్వాత ముడి విప్పి, ఐదేసి నిమిషాలకోసారి కవర్లో అరగ్లాసు ట్యాంకు నీళ్లు కలుపుతూ అరగంట ఆగి, చేపల్ని వలతో తీసి వదలండి. కవరు నీళ్లు పారబోయండి. ఆ రోజు లైటూ మేతా వద్దు. వెనక అద్దానికి ముదురు కాగితం అంటిస్తే బెదురు తగ్గుతుంది.

కుళాయి నీళ్లకి క్లోరిన్ విరుగుడు తప్పనిసరి. కాలవ నీళ్లు మాత్రం వద్దే వద్దు, పొలం మందులూ రొయ్యల చెరువుల మురుగూ కలిసేది అందులోనే.

పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది బెదురు కాదు, అమ్మోనియా (చేపల మలం, మిగిలిన మేత వల్ల నీళ్లలో చేరే విషం) పెరిగిందో గాలి చాలట్లేదో. వెంటనే పావు వంతు నీళ్లు మార్చి ఎయిర్ పంప్ పెట్టండి. కొత్త ఫిల్టర్‌లో ఆ విషాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగైదు వారాలు పడుతుంది, అప్పటిదాకా మేత చిటికెడే.