పాత మిరాజ్‌లు కొంటే కొనండి, తేజస్ సంగతేంటి?

సంపాదకుడు గారికి,

ఖతర్ దగ్గరున్న 12 పాత మిరాజ్ 2000-5 యుద్ధవిమానాలను మన దేశం కొనబోతోందన్న వార్త అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. నిజమో కాదో ప్రభుత్వం సూటిగా చెబితే బాగుంటుంది.

సెకండ్ హ్యాండ్ అనగానే కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మిరాజ్ 1985 నుంచీ మన వైమానిక దళంలో ఉంది, కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద లేజర్‌తో గురిపెట్టే బాంబులు వేసిందీ, 2019లో బాలాకోట్ వెళ్లిందీ ఇవే. ఖతర్ వాటిలోనూ మన మిరాజ్‌ల ఇంజినే ఉంటుంది కాబట్టి పైలట్లకూ టెక్నీషియన్లకూ మొదటి నుంచి నేర్పాల్సిన పని లేదు. పైగా వీటి తయారీ 2007లోనే ఆగిపోయింది, ఇక విడిభాగాలు కావాలంటే ఎవరో వాడి పక్కన పెట్టిన విమానాలు తెచ్చుకుని విప్పుకోవడం ఒక దారి.

కానీ 42 స్క్వాడ్రన్లు (ఒక్కోటి సుమారు 16-18 యుద్ధవిమానాల దళం) ఉండాల్సిన చోట, 2025 సెప్టెంబరులో పాత మిగ్-21 యుద్ధవిమానాలు రిటైరయ్యాక 29కి పడిపోయాం. 12 విమానాలతో ఒక్క స్క్వాడ్రన్ కూడా పూర్తిగా నిండదు! 2021లో ఆర్డరిచ్చిన, మన దేశంలోనే తయారయ్యే 83 తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానాలు అమెరికా ఇంజిన్లు సమయానికి అందక వెనకబడ్డాయి, అవి రాకముందే 2025లో ఇంకో 97కి ఒప్పందం చేసుకున్నారు. నాకు అసలు టెన్షన్ అక్కడే.

పాతవి కొంటే కొనండి. అవి ఇంకా ఎన్ని గంటలు ఎగరగలవో, ఎగరడానికి కొంటున్నారా విడిభాగాల కోసమా, తేజస్‌లు ఏ ఏడాదికి ఎన్ని వస్తాయో, పార్లమెంటులో ఒకేసారి చెప్పండి.

- ఒక పాఠకుడు