గేటు దగ్గర పిల్లలు ఏం లెక్కపెట్టారంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు మూడు రోజులు గేటు బయట అట్టలు పట్టుకుని నిలబడ్డారు. "చదువు మానేసి జనాన్ని లెక్కపెట్టడమేంటి?" అని మీ వాట్సాప్ గ్రూపులో చాలా చర్చే నడిచిందట. నన్నే అడిగి ఉండాల్సింది. పార్కైనా, ఫుట్‌పాతైనా గీసే ముందు డిజైనర్లు చేసేది ఆ పనే. పది నిమిషాలకోసారి ఎంతమంది నడిచారో, ఎవరు ఎక్కడ ఆగారో, నీడ ఎటు జరిగిందో రాసుకుంటారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవాళ్లకే వదిలేశారు. తర్వాత అక్కడి జనాన్ని ఇలాగే లెక్కగట్టిన యాన్ గేల్ ఆర్కిటెక్టే.

టేపు పట్టిన ఇద్దరమ్మాయిల సంగతి చెప్పకుండా ఉండలేను. మన మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు, పక్కనున్న ర్యాంపు పొడవు 2.7 మీటర్లు. అంటే వాలు 1:6, ఒక మీటరు ఎత్తుకు ఆరు మీటర్ల పొడవన్నమాట. చక్రాల కుర్చీకి 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు కాబట్టి 5.4 మీటర్లు కావాలి. చోటు చాలదన్నాను. మధ్యలో మలుపు తిప్పి, అక్కడ 1.5 మీటర్ల చదును వదిలి గీసి నా బల్ల మీద పెట్టారు! ఇప్పుడున్న ఆ ర్యాంపు కట్టించింది నేనే.



"వీధులూ పార్కులూ గీసే పనిలో ఉద్యోగాలేముంటాయి?" అంటున్నారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు, అర్బన్ డిజైనర్లు, ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్లు, వీధి దీపాల డిజైనర్లు, జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపుల వ్యవస్థలో మ్యాపులు తయారుచేసేవాళ్లు, అందరూ కావాలి. చెట్ల సంగతి తెలిసినవాళ్లు మరీ కావాలి. మొదలు చుట్టూ సిమెంటు బిగిస్తే వేర్లకు నీరూ గాలీ అందవు, కొన్నేళ్లకు ఫుట్‌పాత్ పలకలు పైకి లేస్తాయి. చూపులేనివారి కాలికి తెలిసేలా పరిచే ఉబ్బెత్తు పలకలను 1965లో జపాన్‌లో సెయీచి మియాకే రూపొందించారు. పొడుగు గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని అర్థం. ఆ తేడా తెలియనివాళ్లు పరిస్తే దారి నేరుగా కరెంటు స్తంభానికి తగులుతుంది. ఇలాంటివి కనిపెట్టి సరిచేయించే యాక్సెసిబిలిటీ ఆడిటర్ అనే ఉద్యోగం కూడా ఉంది.

ఇలాంటి కోర్సుల్లో చేరడానికి చాలాచోట్ల పోర్ట్‌ఫోలియో, అంటే మనం చేసిన పనుల సంకలనం, అడుగుతారు. మెరిసే కంప్యూటర్ బొమ్మల కన్నా, ఒక్క చోటును స్వయంగా కొలిచి 1:100 స్కేలులో (మీటరుకు ఒక సెంటీమీటరు) గీసి, అక్కడ చూసిందేమిటో, మార్చేదేమిటో పక్కన రాస్తే మేలు. అందుకే చిన్న మనవి. పిల్లలు తెచ్చిన వాటిలో నాలుగు మ్యాపులు పెద్దవాళ్లు గీసినవని గీతే చెబుతోంది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు, ఈసారి పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉంచండి.

లెక్కలో ఇంకోటి తేలింది. ఉదయం 8:30 నుంచి 8:45 వరకు ర్యాంపు మొదట్లో 11 స్కూటర్లు. అన్నీ మీవే. సోమవారం పిల్లలు మళ్లీ లెక్కపెడతారు, కాగితం గేటుకు అంటిస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు