రాజు మారితే మతం ఎలా మారింది: అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ వంశపు రాజుల మీద నువ్వు పంపిన అసైన్‌మెంట్ చదివాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ "ఎనిమిదో హెన్రీ విడాకుల కోసం ఇంగ్లండ్‌ను ప్రొటెస్టెంట్ దేశం చేశాడు" అన్న మొదటి వాక్యాన్ని కొట్టేయ్. హెన్రీ పోపును కాదన్నాడే గానీ ప్రొటెస్టెంట్ కాలేదు. 1521లో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసి, పోపు చేతే ‘విశ్వాస సంరక్షకుడు’ అన్న బిరుదు పొందినవాడు. 1539లో ఆరు సూత్రాల చట్టం తెచ్చి, పూజలో రొట్టె క్రీస్తు శరీరంగా మారుతుందన్న నమ్మకాన్ని కాదన్నవాళ్లను సజీవ దహనం చేయమన్నాడు. 1540 జూలై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో ముగ్గురు ప్రొటెస్టెంట్ బోధకులను కాల్చారు. అదే రోజు, అదే చోట, పోపు పక్షం వహించిన ముగ్గురు కాథలిక్ గురువులను రాజద్రోహులని చంపారు. జవాబు ఇక్కడ మొదలుపెట్టు. హెన్రీకి కావలసింది కొత్త మతం కాదు, తన పైన ఇంకెవరూ లేని చర్చి అని చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

పెళ్లి సంగతి రెండు వాక్యాల్లో ముగించు. 1527లో రోమ్‌ను కొల్లగొట్టిన సైన్యం ఐదో చార్లెస్ చక్రవర్తిది, ఆయన, హెన్రీ వదిలించుకోవాలనుకున్న భార్య కేథరిన్ రాణికి అక్క కొడుకు. అలాంటప్పుడు పోపు ఏడో క్లెమెంట్ ఆ పెళ్లిని ఎలా రద్దు చేస్తాడు? హెన్రీ పార్లమెంటును వాడుకున్న తీరు మాత్రం వివరంగా రాయాలి. 1533లో రోమ్‌కు అప్పీళ్లు వెళ్లకుండా చట్టం చేశాడు. అది వచ్చాకే ఆర్చిబిషప్ క్రాన్మర్ పెళ్లి చెల్లదని తీర్పు ఇవ్వగలిగాడు. 1534లో ఇంకో చట్టం రాజును చర్చికి అధిపతిని చేసింది. రాజు కోరిన ప్రమాణం చేయనన్న మాజీ మంత్రి థామస్ మోర్, బిషప్ ఫిషర్‌ల తలలు 1535లో తెగాయి. చట్టంతో చేసిన పనిని చట్టంతోనే తిప్పేయవచ్చు, తర్వాతి ఇరవై ఐదేళ్లలో జరిగింది అదే.

తిప్పేయడానికి వీల్లేకుండా పోయింది భూమి. దీనికి నువ్వు ఒక్క పేరా ఇచ్చావు, కనీసం మూడు ఇవ్వు. 1535లో చర్చి ఆదాయమంతా లెక్క కట్టించారు. 1536లో ఏడాదికి 200 పౌండ్ల లోపు రాబడి ఉన్న మఠాలను మూయించారు. ఉత్తరాది జనం తిరగబడ్డారు, నాయకుడు రాబర్ట్ ఆస్క్‌ను 1537లో యార్క్‌లో ఉరితీశారు. తర్వాత పెద్ద మఠాల వంతు వచ్చింది. 1540 మార్చిలో వాల్తమ్ మఠంతో అన్నీ అయిపోయాయి, మొత్తం ఎనిమిది వందల దాకా. ఆ భూముల్లో చాలా భాగాన్ని యుద్ధాల ఖర్చుకు అమ్మేశారు. కొన్నవాళ్లలో పాత మతాన్ని ప్రేమించే కాథలిక్ ఆసాములూ ఉన్నారు. నమ్మకం ఏదైనా, దస్తావేజు చేతిలో పడ్డాక భూమి వదులుకునేదెవరు?

హెన్రీ తర్వాత రాజైన కొడుకు ఆరో ఎడ్వర్డ్ తొమ్మిదేళ్ల పిల్లవాడు, పాలన అతని పేరున మంత్రులది. నిజమైన ప్రొటెస్టెంట్ మార్పు వచ్చింది ఈ ఆరేళ్లలోనే. అప్పుడు చర్చిల్లో చదవమని ఇచ్చిన రెండు ప్రార్థన పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడు. 1549 నాటి పుస్తకంలో గురువు రొట్టె ఇస్తూ, నీ కోసం అర్పించిన ప్రభువు శరీరం నిన్ను కాపాడుగాక అంటాడు. 1552 నాటికి ఆ మాట పోయి, క్రీస్తు నీ కోసం చనిపోయాడని తలచుకుని తిను అన్నది వచ్చింది. రాతి బలిపీఠాలు తీసేసి చెక్క బల్లలు వేశారు. మన డోర్నకల్‌లో 1912లో అజరయ్య బిషప్‌గా మొదలైన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) డయాసిస్, అంటే బిషప్ పాలనా ప్రాంతం కూడా ఈ ప్రార్థన పుస్తకపు వారసత్వంలోదే.

ఊరి స్థాయిలో ఒక ఉదాహరణ కావాలంటే డెవన్‌లోని మోర్‌బాత్ తీసుకో. చాలా చిన్న ఊరు. క్రిస్టఫర్ ట్రిచే అన్న విచారణ గురువు 1520 నుంచి 1574 దాకా అక్కడే ఉండి, చర్చి లెక్కలు రాసిపెట్టాడు. ఎడ్వర్డ్ కాలంలో పూజా వస్త్రాలు ఊరివాళ్ల ఇళ్లలో దాచుకున్నారు. కొత్త ప్రార్థన పుస్తకం వద్దన్న 1549 తిరుగుబాటుకు ఐదుగురు కుర్రాళ్లను పంపారు. ఎడ్వర్డ్ తర్వాత అతని అక్క, కాథలిక్ అయిన మేరీ రాణిగా రాగానే దాచినవి బయటికొచ్చాయి. ఆమె తర్వాత చెల్లెలు, ప్రొటెస్టెంట్ అయిన ఎలిజబెత్ వచ్చాక అదే గురువు కొత్త ప్రార్థన పుస్తకం చదివాడు. ఆయన్ని పిరికివాడని రాయకు. ఆ ఊరిని వదిలి ఆయన ఎక్కడికి పోతాడు?

మేరీని ‘రక్తపిపాసి’ అనే ఒక్క మాటతో దాటేశావు, అది అన్యాయం. 1555 ఫిబ్రవరి నుంచి దాదాపు 280 మందిని కాల్పించింది, అది దాచక్కర్లేదు. కానీ ఆమె ఓడిపోవడానికి కారణాలు వేరు. పూజలు తేలిగ్గానే తిరిగొచ్చాయి. మఠాల భూములు కొన్నవాళ్ల జోలికి రామని హామీ దొరికాకే పార్లమెంటు పోపు అధికారాన్ని ఒప్పుకుంది. భూమి లేనిదే మఠాలు ఎలా లేస్తాయి? వెస్ట్‌మిన్‌స్టర్ లాంటివి కొన్నే తెరుచుకున్నాయి. పిల్లలు పుట్టలేదు. 1558 నవంబర్ 17న ఆమె, అదే రోజు ఆమెకు అండగా ఉన్న కాథలిక్ ఆర్చిబిషప్ పోల్, ఇద్దరూ పోయారు. ఐదేళ్లు సరిపోలేదు.

ఎలిజబెత్‌కు 44 ఏళ్లు దొరికాయి. అయినా ప్రొటెస్టెంట్ ప్రార్థన పుస్తకాన్ని తిరిగి తెచ్చిన 1559 ఆరాధనా చట్టం ప్రభువుల సభలో కేవలం మూడు ఓట్ల తేడాతో నెగ్గింది. ఓటేసిన బిషప్పులంతా వ్యతిరేకించారు. ఆమె ఎడ్వర్డ్ కాలపు రెండు వాక్యాలనూ కలిపి ఒకే ప్రార్థనగా పెట్టించింది, ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు తీసుకునేలా. ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీలు జరిమానా. 1570లో పోపు ఆమెను బహిష్కరించి, ప్రజలు ఆమె మాట వినక్కర్లేదన్నాడు. ఆ దెబ్బతో కాథలిక్ అంటే రాజద్రోహి అన్న అనుమానం బలపడింది. 1581లో జరిమానా నెలకు 20 పౌండ్లకు పెరిగింది, మామూలు కుటుంబం తట్టుకునే మొత్తం కాదది.

చివర్లో చోటుంటే వేల్స్‌నూ ఐర్లండ్‌నూ పోల్చు. రాణి ఒకరే, చట్టాలూ దాదాపు అవే. వేల్స్‌కు 1567లో ప్రార్థన పుస్తకం, 1588లో పూర్తి బైబిల్ వాళ్ల భాషలో అందాయి. ఐరిష్‌లో ప్రార్థన పుస్తకం వచ్చింది 1608లో, రాణి పోయిన తర్వాత. వేల్స్ ప్రొటెస్టెంట్ అయింది, ఐర్లండ్‌లో ఎక్కువమంది కాథలిక్కులుగానే ఉండిపోయారు. భాష ఒక్కటే కారణమని మాత్రం రాయకు, ఐర్లండ్‌లో ఇంగ్లీషువాళ్లు భూములు లాక్కున్న కోపం కూడా ఉంది.

తిరగరాసి పంపు.

మీ నాన్న