విషయం: మీ స్పేసరు మీ మేనిఫోల్డుకే కూర్చోలేదు, ఆ మాట వినే నాథుడూ లేడు

కస్టమర్ కేర్ మేనేజరు గారికి (అలాంటివారు నిజంగా ఉంటే),

అయ్యా,

ఆర్డరు నంబరు మళ్ళీ రాయను. ఇంతకుముందు పంపిన ప్రతి మెయిల్లోనూ ఉంది. అసలది మీరిచ్చిన నంబరే. వెతుక్కోండి.

సరుకు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నా పాత కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్ 350కి మీ కంపెనీ మేనిఫోల్డూ (ఇంజను హెడ్డుకు బిగించే గొట్టం), దానికీ కార్బొరేటరుకీ మధ్య వేసే మీ కంపెనీ స్పేసరూ కొన్నాను. ఒకే డబ్బాలో వచ్చాయి, రెండింటి మీదా మీ ముద్రే. ఒక ఇంట్లో పుట్టి మొహాలు చూసుకోని అన్నదమ్ముల్లా ఉన్నాయి. స్పేసరు బెజ్జాలు మేనిఫోల్డు స్టడ్లకు (నట్టు బిగించే మరల కడ్డీలకు) సరిగ్గా అందవు, బలవంతాన దూరిస్తే వంకరగా కూర్చుంటుంది. స్పేసరు మందం మధ్యలో చేరాక స్టడ్డు పొట్టిదైపోయి నట్టు రెండు చుట్లు కూడా పట్టదు. అంతే. ఇలాంటివి జరుగుతుంటాయి, మార్చి ఇచ్చుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

మీ నంబరుకు చేస్తే "తెలుగు కోసం నాలుగు నొక్కండి" అంటుంది. నొక్కాను. సన్నాయి మోగింది, ఇంకా మోగింది, మా ఇంట్లో పెళ్ళేమో అని పక్కింటివాళ్ళు అనుకునేదాకా మోగింది. చివరికి ఎత్తినాయన "హాఁ జీ, బోలియే" అన్నాడు. నాది విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం అడగడానికి సరిపోయే హిందీ. దాంతోనే మొత్తం చెప్పుకొచ్చాను. హెడ్డు వేడి మేనిఫోల్డు మీదుగా కార్బొరేటరుకు ఎక్కితే పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్లో అది మరుగుతుందనీ, మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఆపిన బండి ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోదనీ, ఆ వేడికి అడ్డంగా వేసే బెకలైట్ ముక్కనే స్పేసరంటారనీ. ఆయన ఓపిగ్గా అంతా విని అడిగాడు: "సార్, ఇది ముందు చక్రానికా, వెనక చక్రానికా?"

తర్వాత ఒకావిడ ఫోటోలు పంపమంది. పంపాను. పక్కన స్కేలు పెట్టి తియ్యమంది. తీశాను. స్కేలు మీద అంకెలు కనపడటం లేదంది. అవి కనపడేలా మళ్ళీ తీసి పంపాక, "డబ్బా విప్పేటప్పుడు వీడియో తీశారా సార్?" అంది. నాలుగు నట్లున్న అట్టడబ్బా విప్పడానికి వీడియోగ్రాఫర్ని పిలవాలని నాకు తట్టలేదు, మన్నించాలి.

ఇంకొకాయన కొత్త సంగతి చెప్పాడు. మేనిఫోల్డుది ఒక విభాగమట, స్పేసరుది ఇంకో విభాగమట. వీళ్ళనడిగితే తప్పు వాళ్ళదంటారు, వాళ్ళనడిగితే వీళ్ళదంటారు. మరి రెండూ ఒకే డబ్బాలో ఎలా వచ్చాయయ్యా అంటే, "అది ప్యాకింగ్ విభాగాన్ని అడగాలి సార్" అన్నాడు. పెట్టేశాడు.

వీళ్ళందరినీ మించినవాడు మీ సాంకేతిక నిపుణుడు. ఆయన ఫోన్ వచ్చేటప్పటికి నేను ఆటోనగర్లో మా మెకానిక్ షెడ్డులోనే ఉన్నాను, స్పీకర్లో పెట్టాను. "రెండు నట్లూ బాగా గట్టిగా బిగించండి సార్, అదే కూర్చుంటుంది" అని సెలవిచ్చారు. మా మెకానిక్ ఏమీ అనలేదు. బల్ల కింద నుంచి ఎవరిదో పాత కార్బొరేటరు తీసి, దాని ఫ్లాంజి (మేనిఫోల్డు వైపు బిగించే చదును అంచు) మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టాడు. స్కేలు రెండు చివర్లా ఆనింది, మధ్యలో సన్నగా వెలుతురు. "ఇది కూడా బాగా గట్టిగా బిగించిందేనండి" అన్నాడు. ఫ్లాంజి వంగితే జాయింటు దగ్గర గాలి లాగుతుంది, పెట్రోలు తగ్గి మిక్చరు పలచబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, ఐడిల్ నిలవదు, ఇంజను ఇంకా వేడెక్కుతుంది. అంటే వేడి తగ్గాలని కొన్న ముక్కతో వేడి పెంచుకునే మార్గం మీ నిపుణుడు ఉచితంగా చెప్పాడన్నమాట. ఆయనకు జీతం ఎవరిస్తున్నారో గానీ, దయచేసి ఆపండి.

అదే సాయంత్రం మెసేజి వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" సున్నా ఇద్దామంటే మీరు ఒకటి నుంచే మొదలుపెట్టారు. ఆ ముందుచూపు బెజ్జాలు కొట్టేటప్పుడు ఏమైంది?

మీ పేరు మా ఆటోనగర్లో ఎవరికీ తెలియని రోజుల్లో క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు, సైలెన్సరు మీ దగ్గరే కొన్నవాణ్ణి. నలుగురికి చెప్పి కొనిపించినవాణ్ణి. 1955 నుంచి మద్రాసులో తయారైన బండి ఇది, దానికి సామాను వీధి చివర కొట్లో దొరకదా? అయినా కొత్త కంపెనీ, కుర్రాళ్ళు కష్టపడుతున్నారు అని మీ దగ్గరకే వచ్చాను. బాగా బుద్ధి చెప్పారు.

ఇక మీకు తెలిసీ తెలియనట్టున్న సంగతి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అందుకు ఒక అధికారిని పెట్టి, ఆయన పేరూ ఫోను నంబరూ సైటులో చూపించాలి. మీ సైటంతా గాలించాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ తప్ప ఏమీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం నాకు వచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నా జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, లాయరు పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు. నాకు తీరిక బోలెడుంది. మీ లాయరుగారిని మే నెలలో విజయవాడ పంపించండి, మరిగే పెట్రోలు కష్టం ఆయనకూ తెలుస్తుంది. ఈలోగా మా పాత బుల్లెట్ల వాట్సాప్ గ్రూపులో మీ ఘనత రోజుకింత వడ్డిస్తూనే ఉంటాను.

ఇంతకీ నాకేం కావాలంటారా? డబ్బు వాపసిస్తారో, సరిపడే స్పేసరు పొడుగు స్టడ్లతో సహా పంపిస్తారో మీరే తేల్చుకోండి. ముందు మాత్రం ఒక మనిషి నాకు ఫోన్ చెయ్యాలి. తెలుగు వచ్చినవాడై ఉండాలి, కార్బొరేటరు చక్రంలో ఉండదని తెలిసినవాడై ఉండాలి. మధ్యాహ్నం భోంచేశాక ఓ గంట పడుకుంటాను, అప్పుడు మాత్రం వద్దు. మీవాళ్ళు సరిగ్గా అప్పుడే చేస్తారనుకోండి.

ఇట్లు,
ఇంకా మీ ఖాతాదారుగానే ఉన్న ఒక విజయవాడ బుల్లెట్ యజమాని